గిటార్ ఏ వయసులోనైనా – 5వ పాఠం: కుడిచెయ్యి ఆగకూడదు

పోయిన పాఠంలో జి, ఈ మైనర్, సి, డి అనే నాలుగు కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిసి మోగేలా వేళ్లు పెట్టే పట్లు) ఇచ్చి, ఒక్కోదానికి నాలుగు దెబ్బల చొప్పున వరసగా మార్చుకుంటూ వాయించమన్నాను. అక్కడే చాలామంది బండి ఆగిపోయింది. విడివిడిగా వాయిస్తే నాలుగూ బాగానే పలుకుతున్నాయి, కలిపితే పాట ముక్కలవుతోంది. సి దగ్గర "బుర్రు" మంటోంది, వేళ్ల కొసలు మండుతున్నాయి, అరవై దాటిన వేళ్లకు ఇది అయ్యే పనేనా. నాకు చేరిన ప్రశ్నలన్నీ ఈ నాలుగింటిలోకే వస్తాయి. ఈసారి ఒక్కో తీగ మీటడం మొదలుపెడదామనుకున్నాం. దాన్ని పక్కన పెడుతున్నాను. ఈ చిక్కు విడిపోకుండా ముందుకెళ్తే తర్వాతి పాఠాలేవీ పనికిరావు.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. ఎలిజబెత్ కాటన్ అని అమెరికాలో ఒక గిటారిస్టు ఉండేవారు. 1893లో నార్త్ కరోలినాలో పుట్టారు. చిన్నప్పుడు సొంతంగా నేర్చుకున్నారు, తర్వాత సంసారంలో పడి కొన్ని దశాబ్దాలు గిటార్ వదిలేశారు. ఇళ్లల్లో పనిచేసుకుంటూ వయసు మళ్లాక మళ్లీ చేతపట్టారు. మొదటి ఆల్బమ్ వచ్చింది 1958లో, గ్రామీ అవార్డు వచ్చింది 1985లో. ఆవిడది ఎడమచేతి వాటం. మామూలు గిటార్‌నే తిరగేసి పట్టుకుని, అందరూ బొటనవేలితో మీటే బేస్ తీగల్ని మిగతా వేళ్లతో, పాట పలికే సన్న తీగల్ని బొటనవేలితో మీటేవారు. "చిన్నప్పుడే నేర్చుకున్నారు కదా" అంటారేమో. నిజమే. కానీ అన్నేళ్లు తీగ ముట్టని వేళ్లు మళ్లీ దారికొచ్చాయి కదా, నేను చూసేది అదే.

పెద్దవాళ్లకు ఎడమచేతి వేళ్లు సర్దుకోవడానికి కాస్త ఎక్కువ రోజులు పడతాయి. అంతవరకు ఒప్పుకుంటాను. లయ మాత్రం వాళ్ల ఒంట్లో ఎప్పుడో స్థిరపడి ఉంటుంది. భజనలో తాళాలు కొట్టినవాళ్లు, కోలాటం ఆడినవాళ్లు, రేడియో పాటకు టేబుల్ మీద దరువేసినవాళ్లు కొత్తగా లయ నేర్చుకోనక్కర్లేదు. అందుకే పెద్దవాళ్లకు నేను ఎడమచేతి వైపు నుంచి కాకుండా కుడిచేతి వైపు నుంచే నేర్పుతాను.

దానికి ముందు గిటార్‌ని ఒకసారి చూసుకోండి. నొప్పి అని చెప్పినవాళ్లలో చాలామందికి తప్పు వేళ్లది కాదు, తీగల ఎత్తుది. దీన్ని యాక్షన్ అంటారు. స్కేలు తీసుకుని పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల్లో పన్నెండోది) దగ్గర నిలబెట్టండి. ఫ్రెట్ కమ్మీ పైనుంచి లావు తీగ అడుగుదాకా రెండున్నర మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉంటే సరే. మూడు దాటితే రిపేరు చేసే మనిషి దగ్గరకు తీసుకెళ్లి తగ్గించమనండి. తీగలు 12 నంబరు సెట్ అయితే అంతకన్నా సన్నవైన 10 సెట్ వేయించుకోండి. నాదం కొంచెం పలచబడుతుంది, పడనివ్వండి. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ఆయన సన్న తీగలు వేసుకుని, వాటిని కూడా వదులు చేసుకుని వాయించాడు. అంతటి బరువైన సంగీతం అలా వచ్చింది. సన్న తీగలు పిల్లలకే అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. ఒక్క జాగ్రత్త: నైలాన్ తీగల గిటార్‌కి స్టీల్ తీగలు ఎప్పుడూ వేయకండి. ఆ బిగువుకి బ్రిడ్జి (తీగలు కట్టి ఉండే చెక్క ముక్క) ఊడొస్తుంది.

ఇక నేను వాడే దగ్గరి దారి ఒకటి చెబుతాను. ఆరు తీగల్నీ రెండేసి ఫ్రెట్‌ల మేర కిందికి వదులు చేయండి. లావు తీగ నుంచి వరసగా డి, జి, సి, ఎఫ్, ఎ, డి అవుతాయి. రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. శ్రుతి మళ్లీ మామూలుకే వస్తుంది, తీగల బిగువు మాత్రం సుమారు ఐదో వంతు తగ్గుతుంది. పైగా నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర గాడులు ఎత్తుగా ఉంటే, సి లో చూపుడువేలు పడే మొదటి ఫ్రెట్ దగ్గరే ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. కాపో పెట్టాక నట్‌తో పనే ఉండదు. సి దగ్గర "బుర్రు" అన్నవాళ్లలో సగం మందికి ఇది చాలు. మిగతా సగం వేలిని ఫ్రెట్ కమ్మీకి దూరంగా, గడి మధ్యలో పెడుతున్నారు. కమ్మీని ఆనుకుని వెనకవైపు పెట్టండి. వేలి కొస మంట రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. మణికట్టులోనో బొటనవేలి మొదట్లోనో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకి గిటార్ కింద పెట్టేయండి.

ట్యూనింగ్, పిక్ పట్టుకోవడం, కూర్చోవడం మళ్లీ చెప్పను. అసలు విషయానికి వద్దాం.

జి వాయిస్తున్నారు. నాలుగు దెబ్బలు అయ్యాయి. ఇప్పుడు సి కి మారాలి. ఇక్కడ నూటికి తొంభై మంది ఏం చేస్తారంటే, కుడిచెయ్యి ఆపేస్తారు. ఎడమచేతి వైపు చూస్తారు. చూపుడువేలు పెడతారు, మధ్యవేలు పెడతారు, ఉంగరం వేలు వెతుక్కుని పెడతారు. అన్నీ కుదిరాయని నమ్మకం కలిగాక కుడిచేతిని కదలనిస్తారు. కార్డ్ ముత్యంలా పలుకుతుంది. పాట ఈలోగా చచ్చిపోయింది. చూసి చూసి నాకు విసుగొచ్చిన అలవాటు ఇది. ఎంత శ్రద్ధగా సాధన చేస్తే అంత గట్టిగా పాతుకుపోతుంది, అందుకే ఇంతలా చెబుతున్నాను. ఆగి, సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టడాన్ని రోజూ అరగంట సాధన చేస్తే మీకు వచ్చేది ఆగడమే.

సంగీతం క్లాసులో సరళీ స్వరాలు పాడే పిల్లల్ని చూడండి. స్వరం తప్పుతుంది, గొంతు జీరబోతుంది, తర్వాతి స్వరం గుర్తురాక నోరు ఆగిపోతుంది. తొడ మీద ఆది తాళం వేసే చెయ్యి మాత్రం ఆగదు. నోరు తాళాన్ని వెతుక్కుంటూ వచ్చి కలుస్తుంది. తాళం నోటి కోసం ఆగితే టీచరు ఊరుకోరు. గిటార్‌లో కుడిచెయ్యి ఆ తాళం వేసే చెయ్యే. ఎడమచెయ్యే పరుగెత్తి దాన్ని అందుకోవాలి.

మన స్ట్రమ్ (తీగలన్నిటి మీదా చెయ్యి ఆడించే వరస) ఇది: కింద, కింద-పై, పై-కింద-పై. దీన్ని ఆరు దెబ్బలుగా బట్టీ పట్టకండి. "వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్" అని పైకి లెక్కపెట్టండి. అంకె మీద చెయ్యి కిందికి, "అండ్" మీద పైకి. ఎనిమిది కదలికలు. వాటిలో రెండు ఖాళీవి. వన్ తర్వాత వచ్చే "అండ్" మీద చెయ్యి తీగల్ని తాకకుండా పైకి పోతుంది. త్రీ మీద తాకకుండా కిందికి పోతుంది. ఆ త్రీ దగ్గరే అందరి చెయ్యీ గాలిలో గడ్డకడుతుంది. "దెబ్బ లేదు కదా, ఎందుకు కదపాలి" అనిపిస్తుంది. కదపాలి. అక్కడ ఆగిన చేతికి తర్వాతి "అండ్" ఎప్పుడు వస్తుందో తెలియదు, అంచనాగా కొడుతుంది. అంచనా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. వినేవాళ్లకు ఏం తేడానో తెలియదుగానీ పాట కుంటుతున్నట్టు ఉంటుంది.

ఇక మార్పు దగ్గర ఏం జరగాలో చెబుతాను. "ఫోర్" తర్వాత చివరి "అండ్" ఉంది చూశారా, పైకి పోయేది. ఆ క్షణానికి ఎడమచెయ్యి జి ని వదిలేసి గాలిలో ఉండాలి. కుడిచెయ్యి మాత్రం వాయిస్తూనే ఉండాలి. ఏ వేలూ లేని ఖాళీ తీగలు మోగుతాయి. మోగనివ్వండి. వేలు లేకుండా కొడితే తప్పు కదా అని చాలామంది భయపడతారు. మనకు నచ్చిన రికార్డింగుల్లో వాయించేవాళ్లు చేసేది కూడా ఎక్కువగా ఇదే. ఇకనుంచి పాటలు వినేటప్పుడు కార్డ్ మారే ముందు అర దెబ్బ సేపు చెవిపెట్టి వినండి, ఖాళీ తీగల గలగల పట్టుబడుతుంది. పైకి పోయే దెబ్బ సన్న తీగల్ని మూడింటిని తాకితే చాలు. అవి మన పాటలో ఖాళీగా మోగినా చెవికి ఎబ్బెట్టుగా ఉండవు. అంటే కార్డ్ మార్చుకోవడానికి మీకు పాటే అర దెబ్బ సమయం ఇస్తోంది.

ఆ అర దెబ్బ కూడా చాలకపోతే? వన్ మీద వేళ్లన్నీ దిగకపోతే? అయినా కొట్టండి. అప్పటికి ఎడమచేతి వేలు ఒక్కటే దిగినా కొట్టండి. అందుకే ఏ వేలు ముందు దిగాలన్నది ముఖ్యం. కిందికి వచ్చే దెబ్బ లావు తీగ మీద మొదలై సన్న తీగ మీద ముగుస్తుంది. కాబట్టి సి లో ముందు దిగాల్సింది అయిదో తీగ (అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది, లావు తీగ ఆరోది) మూడో ఫ్రెట్ మీద ఉంగరం వేలు. రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద చూపుడువేలు ఆఖర్న వచ్చినా కొంప మునగదు. మీలో చాలామంది చూపుడువేలితో మొదలుపెట్టి ఇల్లు పునాది లేకుండా పైకప్పు నుంచి కడుతున్నారు.

జి ఎలా పట్టాలన్నదాంట్లో నాకో పట్టుదల ఉంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంగరం వేలు, అయిదో తీగ రెండో ఫ్రెట్ మీద మధ్యవేలు, ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద చిటికెనవేలు. చిటికెనవేలు మొదట్లో మొండికేస్తుంది. అందుకే చాలామంది చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేళ్లతో పట్టే జి నేర్చుకుంటారు. వద్దు. నా జి నుంచి సి కి వెళ్లేటప్పుడు ఉంగరం వేలు ఆరో తీగ నుంచి అయిదుకి, మధ్యవేలు అయిదు నుంచి నాలుగుకి జరుగుతాయి. ఫ్రెట్‌లు మారవు, రెండు వేళ్ల మధ్య దూరం మారదు. ఆ జంట అలాగే ఒక తీగ మేర జరిగింది, చూపుడువేలు వచ్చి చేరింది, అంతే.

ఈ మైనర్‌ని రెండు రకాలుగా పట్టొచ్చు. అయిదో తీగ, నాలుగో తీగ, రెండూ రెండో ఫ్రెట్ మీదే. మధ్యవేలు, ఉంగరం వేలు వాడితే జి నుంచి రావడం తేలిక, ఎందుకంటే మధ్యవేలు ఉన్నచోటే ఉంటుంది. కానీ అక్కడినుంచి సి కి వెళ్లాలంటే ఆ రెండు వేళ్లూ ఒకదాన్నొకటి దాటుకోవాలి. అదే చూపుడువేలు, మధ్యవేలితో పడితే, సి కి వెళ్లేటప్పుడు నాలుగో తీగ మీది మధ్యవేలు లేవనక్కర్లేదు. మన వరసలో ఈ మైనర్ తర్వాత వచ్చేది సి కాబట్టి రెండోదే పట్టండి. వేళ్లను ఎప్పుడూ వెళ్లే కార్డ్‌ని చూసి ఎంచుకోండి. సి నుంచి డి కి మాత్రం సులువైన దారి లేదు, అన్ని వేళ్లూ లేస్తాయి. ఉంగరం వేలు మూడో ఫ్రెట్‌లోనే అయిదో తీగ నుంచి రెండో తీగకి వస్తుందని గుర్తుపెట్టుకుని, దాన్ని ముందు దించండి. ఇక్కడ లావు తీగల సంగతి మీకు అడ్డురాదు, డి లో నాలుగో తీగ ఎలాగూ ఖాళీయే.

సాధన. మొదటి మూడు రోజులు కార్డ్‌లు వద్దు. ఎడమచేతి వేళ్లు నొక్కకుండా తీగల మీద పరిచి, "చక్ చక్" మని చప్పుడు వచ్చేలా స్ట్రమ్ ఒక్కటే చేయండి. ఫోన్లో మెట్రోనోమ్ (లయకు టిక్ టిక్ మని కొట్టే యాప్) నిమిషానికి 50 దెబ్బల మీద పెట్టుకోండి. లెక్క పైకి వినపడాలి, మనసులో కాదు. ఇంట్లోవాళ్లు నిద్రపోయాకే మీకు తీరిక దొరికితే ఈ భాగానికి అంతకన్నా మంచి వేళ లేదు, పెద్దగా శబ్దం రాదు.

నాలుగో రోజు నుంచి జి, ఈ మైనర్, సి, డి. అదే 50 వేగం, ఒక్కో కార్డ్‌కి ఒక్కసారి పూర్తి స్ట్రమ్. ఈ వరస ఇరవై సార్లు చుట్టి రావాలి, సుమారు ఆరున్నర నిమిషాలు పడుతుంది. కార్డ్ పలకకపోయినా లెక్కలోకే తీసుకోండి. "బుర్రు" మన్నా, సగం వేళ్లే దిగినా, పూర్తిగా వేరే కార్డ్ పడినా లెక్కలోకే. కుడిచెయ్యి ఆగిందా, పద్దెనిమిదో చుట్టులో ఉన్నా సరే, ఒకటి నుంచి మొదలు. కఠినమని తెలుసు. తగ్గించను. మొదటి వారం అయిదో చుట్టు దాటకపోవచ్చు, వేగం మాత్రం 50 కన్నా తగ్గించకండి. మరీ నెమ్మదైతే ఆగి సర్దుకోవడానికి చోటు దొరుకుతుంది, మనం వదిలించుకుంటున్నది దాన్నే.

రోజుకోసారి ఫోన్లో రికార్డు చేసుకోండి. వీడియో వద్దు, ఆడియో చాలు. వినేటప్పుడు కార్డ్‌లను పట్టించుకోకుండా మీ పాదంతో దరువేస్తూ వినండి. పాదం ఎక్కడ తడబడిందో అక్కడ కుడిచెయ్యి ఆగినట్టు. ఆ చోటు ఏ రెండు కార్డ్‌ల మధ్య ఉందో రాసి పెట్టుకుని, మర్నాడు ఇరవై చుట్లు మొదలుపెట్టే ముందు ఆ రెండింటినే అయిదు నిమిషాలు మార్చి మార్చి వాయించండి.

సముద్ర తీరం ఊళ్లలో ఉన్నవాళ్లు వాయించడం అయ్యాక పొడి గుడ్డతో తీగలు తుడవడం మరవకండి. చెమట, ఉప్పుగాలి కలిస్తే తీగలు త్వరగా తుప్పుపడతాయి, గరుకు తీగ మీద వేలు జరగదు. ఇరవై చుట్లు ఆగకుండా వచ్చినవాళ్లు 6వ పాఠానికి రండి, ఒక్కో తీగ మీటడం అక్కడ మొదలుపెడదాం. రానివాళ్లు ఇదే పాఠంలో ఇంకో వారం ఉండండి.