సింఫనీ వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: సెకన్ల ముల్లుతో ‘ఎరోయికా’

పోయిన పాఠంలో ఒక మూవ్‌మెంట్‌ను, అంటే సింఫనీలోని ఒక భాగాన్ని, విభాగాలుగా గుర్తుపట్టడం సాధన చేశాం. ఈసారి కాలప్రమాణం. కచేరీలు వినే అలవాటు ఉన్నవారికి ఇది కొత్త విషయం కాదు. పాట ఎత్తుకున్న క్షణంలో గాయకుడు పట్టిన నడకే ఆ పాట స్వభావాన్ని సగం నిర్ణయిస్తుంది. సింఫనీలో ఆ నిర్ణయం వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్‌ది. దాన్ని చెవితో పట్టుకోవడానికి ఈ పాఠంలో బేతోవెన్ మూడో సింఫనీ ‘ఎరోయికా’కు కండక్టర్ రెనే లైబోవిట్స్ చేసిన రికార్డింగును తీసుకుందాం. ఈయనకు దక్కాల్సిన పేరు దక్కలేదని నా గట్టి నమ్మకం.

లైబోవిట్స్ 1913లో వార్సాలో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, 1972లో అక్కడే కన్నుమూశారు. యుద్ధానంతర ఫ్రాన్స్‌లో ఆధునిక స్వరకర్త షోన్‌బెర్గ్ సంగీతానికి పెద్ద ప్రచారకుడు. తర్వాత పేరుపొందిన స్వరకర్త పియెర్ బూలెజ్ కొంతకాలం ఆయన దగ్గర చదువుకుని, ఆపై తెగతెంపులు చేసుకున్నారు. ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్‌ను దుయ్యబడుతూ 1955లో రాసిన కరపత్రం ఆయనకు శత్రువులనే మిగిల్చింది. అందుకే సంగీత లోకం ఆయనను సిద్ధాంతకర్తగా గుర్తుపెట్టుకుని, కండక్టర్‌గా మరిచిపోయింది.

1961లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఆయన బేతోవెన్ తొమ్మిది సింఫనీలనూ రికార్డు చేశారు. ఆ ఆర్కెస్ట్రాను స్థాపించిన థామస్ బీచమ్ ఆ ఏడాది మార్చిలోనే చనిపోయారు. వాల్తమ్‌స్టో టౌన్ హాల్‌లో జరిగిన ఈ పనికి నిర్మాత చార్లెస్ గెర్హార్ట్, శబ్దగ్రాహకుడు డెక్కా సంస్థకు చెందిన కెనెత్ విల్కిన్సన్. చేయించింది రీడర్స్ డైజెస్ట్. మన ఇళ్లలో చాలామందికి పత్రికగానే తెలిసిన ఆ సంస్థ అప్పట్లో రికార్డుల పెట్టెలను చందాదారులకు తపాలాలో అమ్మేది. దుకాణంలో కనిపించని రికార్డును విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత చెస్కీ సంస్థ సీడీలుగా తెచ్చాకే ఇది కొత్త శ్రోతలకు చేరింది.

ఇక అసలు సాధన. నిమిషానికి ఇన్ని దెబ్బలని వేగాన్ని కొలిచే యంత్రం మెట్రోనోమ్ వచ్చిన కొత్తలో, 1817లో, బేతోవెన్ తన మొదటి ఎనిమిది సింఫనీలకూ వేగాల అంకెలు ప్రకటించాడు. మూడో సింఫనీ ‘ఎరోయికా’ తొలి మూవ్‌మెంట్‌కు ఇచ్చిన అంకె నిమిషానికి 60 బార్‌లు. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది, ఇక్కడ బార్‌కు మూడు మాత్రలు. అంటే బార్‌కు ఒక సెకను. వేరే పరికరం అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. ఈ అంకెలు అసాధ్యమనీ, ఆయన యంత్రమే పాడై ఉంటుందనీ వాదించి, చాలామంది పెద్ద కండక్టర్లు బాగా నెమ్మదిగా నడిపారు. లైబోవిట్స్ వాటిని నమ్మి, వాటికి దగ్గరగా నడిపారు. పాత వాద్యాలతో వేగంగా వాయించే ధోరణి ఊపందుకోవడానికి ఇరవై ఏళ్ల ముందే ఈ పని చేశారు.

రికార్డింగు పెట్టండి. మొదటి దెబ్బకు ‘ఒకటి’ అని మొదలుపెట్టి గడియారంతో లెక్కించండి. ఒకటి, రెండు: ఆర్కెస్ట్రా అంతా కలిసి కొట్టే రెండు దెబ్బలు. మూడు: చెల్లోలు (వయొలిన్ కుటుంబంలోని మంద్రస్వర వాద్యాలు) ప్రధాన రాగాన్ని ఎత్తుకుంటాయి. ఎంతో సాదా రాగం, ఈ-ఫ్లాట్ మేజర్ స్వరాల మీదే పైకీ కిందకీ నడుస్తుంది. ఏడు: ఆ నడక ఉన్నట్టుండి సి-షార్ప్‌లోకి జారుతుంది. ఆ శ్రుతిలో ఆ స్వరానికి చోటు లేదు. సరిగ్గా అక్కడే పైన మొదటి వయొలిన్లు తాళానికి ఎదురుగా ఒకే స్వరాన్ని పట్టుకుని ప్రవేశిస్తాయి. నెమ్మదిగా నడిపితే ఈ చోటు గంభీరమైన నిట్టూర్పులా వినిపిస్తుంది. సెకనుకో బార్ చొప్పున నడిపితే కాలు మెలికపడినట్టు ఉంటుంది, తూలి నిలదొక్కుకున్నట్టు. నాకు రెండోదే బేతోవెన్ అనిపిస్తుంది. మీ చెవి ఏమంటుందో రాసుకోండి.

లెక్క ఆపకండి. అరనిమిషానికి కాస్త ముందు నుంచి మూడు మాత్రల నడక మీద రెండేసి మాత్రలకు ఒక దెబ్బ పడుతుంటుంది. తిశ్రంలో చేతితో తాళం వేస్తూ వింటే చెయ్యి తప్పుతుంది. తప్పనివ్వండి, తప్పడమే ఇక్కడి విషయం. 37వ బార్‌లో ఆర్కెస్ట్రా అంతా ప్రధాన రాగంతో విరుచుకుపడినప్పుడు తాళం మళ్లీ మీ చేతిలోకి వస్తుంది. వేగం తగ్గితే ఈ ఎదురుదెబ్బలు విడివిడి ఉరుములుగా చెదిరిపోతాయి. లైబోవిట్స్ చేతిలో అవన్నీ ఒకే పెనుగులాటగా వినిపిస్తాయి. విల్కిన్సన్ ముద్రణ కూడా ఇందుకు సాయపడుతుంది. వయొలిన్ల వెనక ఓబోలు, హార్న్‌లు మునిగిపోవు.

ఇంకొక్క చోటు. తొలి విభాగాన్ని రెండోసారి వాయించమని బేతోవెన్ రాశాడు, కొందరు వాయించరు. వాయించకపోతే సుమారు ఆరున్నర నిమిషాలకు, వాయిస్తే దానికి రెండున్నర కలిపి, వయొలిన్లు వణుకుతూ దాదాపు నిశ్శబ్దమవుతాయి. ఇంకా వాటి వంతు ముగియకుండానే ఒక హార్న్ ప్రధాన రాగాన్ని ఎత్తేస్తుంది, వాదకుడు లెక్క తప్పాడా అన్నట్టు. రిహార్సల్‌లో బేతోవెన్ శిష్యుడు రీస్ అలాగే అనుకుని హార్న్ వాదకుణ్ణి తిట్టి, గురువు చేతి దెబ్బ కొద్దిలో తప్పించుకున్నాడు.

ఒక హెచ్చరిక. ఈయన సుకుమారమైన చోట్ల కూడా పెద్దగా ఆగరు. నెమ్మదిగా, వేగం మారుస్తూ నడిపే కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్‌కు అలవాటుపడిన చెవికి మొదటిసారి కొరతగా అనిపించవచ్చు. రెండోసారి విన్నాకే తీర్పు చెప్పండి.

ఇంటిపని: ఇదే మూవ్‌మెంట్‌ను కండక్టర్ ఓటో క్లెంపరర్ రికార్డింగులో పెట్టి, ఆ సి-షార్ప్ ఎన్నో సెకనుకు వస్తుందో, 37వ బార్ ఎప్పుడు మొదలవుతుందో రాయండి. వచ్చే పాఠంలో రెండో మూవ్‌మెంట్, అంతిమయాత్ర సంగీతం. దానికి బేతోవెన్ ఇచ్చిన అంకె నిమిషానికి 80 అరమాత్రలు. ఆ నడకతో గదిలో నాలుగు అడుగులు వేసి చూసి రండి.