కలరా విబ్రియో జన్యు రకం తేల్చడం: హైతీ అనుభవంతో

కలరా రోగి మలం నమూనా యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే తీయాలి. స్వాబ్‌ను కారీ-బ్లెయిర్ (నమూనాను దారిలో కాపాడే మాధ్యమం) గొట్టంలో అడుగుదాకా దించి, గది ఉష్ణోగ్రతలోనే పంపండి. పాడవుతుందేమోనని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, విబ్రియోకు, అంటే కలరా బ్యాక్టీరియాకు, చలి పడదు.

ల్యాబ్‌కు చేరాక పీహెచ్ 8.5 దగ్గరున్న ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో (విబ్రియోను పెంచే క్షార ద్రవం) 37 డిగ్రీల వద్ద 6 నుంచి 8 గంటలు ఉంచండి. అంతకుమించి వదిలేస్తే మిగతా బ్యాక్టీరియా పెరిగి దీన్ని మింగేస్తాయి. గొట్టాన్ని కుదపకండి. విబ్రియో గాలికోసం పైకి చేరి పలుచటి పొర కడుతుంది. లూపుతో ఆ పొరనే తీసి టీసీబీఎస్ (విబ్రియోను ఎంచి పెంచే మాధ్యమం) ప్లేటు మీద గీయండి. మర్నాటికి 2-4 మిల్లీమీటర్ల పసుపు కాలనీలు వస్తాయి.

తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే. పసుపు కాలనీ నుంచి నేరుగా డీఎన్‌ఏ తీయొద్దు: దాని కింద ఎదుగుదల ఆగి ఉన్న వేరే బ్యాక్టీరియా కూడా వచ్చేస్తాయి. న్యూట్రియంట్ అగార్ మీద మళ్లీ గీసి, విడి కాలనీని ఓ1 యాంటీసీరంతో (కలరా తెచ్చే ఓ1 రకాన్ని గుర్తించే ద్రవం) పరీక్షించి, ఆ రోజే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 70 డిగ్రీల వద్ద దాచండి.

పీసీఆర్‌కు (కావలసిన డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో ప్రతులు తీసే పద్ధతి) ఒక లూపు కల్చర్‌ను 200 మైక్రోలీటర్ల నీళ్లలో కలిపి 10 నిమిషాలు మరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట 2 మైక్రోలీటర్లు వాడితే చాలు. డీఎన్‌ఏ వేయని గొట్టం, రకం తెలిసిన స్ట్రెయిన్ ప్రతిసారీ పక్కన ఉండాల్సిందే. కలరా విషంలో ఒక భాగాన్ని తయారుచేసే సీటీఎక్స్‌బీ జన్యువులో 58వ స్థానంలో 'సి' బదులు 'ఎ' ఉంటే అది సీటీఎక్స్‌బీ7 రకం.

2010లో హైతీలో కలరా చెలరేగినప్పుడు దొరికింది ఈ రకమే. కానీ అది దక్షిణాసియాలో అంతకుముందే ఉంది, కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఒక్క మార్పు చెప్పలేదు. పూర్తి జీనోమ్ చదివి, నేపాల్‌లో 2010లో సేకరించిన 24 స్ట్రెయిన్లతో పోల్చాకే, కొన్నిటికీ హైతీ వాటికీ తేడా ఒకటి రెండు అక్షరాలేనని 2011లో తేలింది. అంత సన్నని తేడా నమ్మాలంటే 40 లక్షల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) జీనోమ్‌ను, సగటున ప్రతి బేస్ కనీసం 50 సార్లు వచ్చేలా, చదవాలి. పదేపదే తిరిగొచ్చే భాగాలనూ ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) భాగాలనూ లెక్కలోంచి తీసేయాలి.

సీక్వెన్సర్ లేకపోతే ఐదు స్థానాల ఎంఎల్‌వీఏ (డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క వరసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే పద్ధతి) చేయండి. అయితే చిన్న క్రోమోజోమ్ మీది రెండు స్థానాలు చాలా వేగంగా మారతాయి, ఒకే రోగి కాలనీల్లోనూ తేడా కనిపిస్తుంది. వాటిలో ఒక్కదాని తేడా చూసి కొత్త మూలం వచ్చిందని రిపోర్టు రాయొద్దు.