ఒంటరిగా రైల్లో ఒక్క రోజులో ఐదు దేశాలు దాటడం ఎలా?

పొద్దున్నే ఆమ్‌స్టర్‌డామ్‌లో రైలెక్కితే రాత్రికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దిగొచ్చు. మధ్యలో బెల్జియం, లక్సెంబర్గ్, ఫ్రాన్స్ దాటేస్తారు. హైస్పీడ్ రైళ్ల జోలికి పోనక్కర్లేదు. మామూలు ఇంటర్‌సిటీ, ప్రాంతీయ రైళ్లు చాలు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను ఈ దారే చెబుతాను. మన దగ్గర టికెట్టూ సీటూ ఒకటే లెక్క. అక్కడ అవి వేరు వేరు. ఈ దారిలో సీటు రిజర్వేషన్ లేకుండానే ఎక్కగలిగే రైళ్లు ఉంటాయి కాబట్టి, ఒకటి తప్పిపోతే టెన్షన్ పడకుండా తర్వాతి దాంట్లో వెళ్లిపోవచ్చు. అదే యూరోస్టార్, టీజీవీ లాంటి హైస్పీడ్ రైళ్లయితే రిజర్వేషన్ తప్పనిసరి. వాటితో ప్లాన్ వేస్తే ఒక్క ఆలస్యానికి రోజంతా తలకిందులవుతుంది.

ముందుగా కాగితాలు

ఈ ఐదు దేశాలకూ ఒకే షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) సరిపోతుంది. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. షెంజెన్ లోపల దేశం మారడం కొత్త ఎంట్రీ కింద రాదు కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నా ఇబ్బంది లేదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం వీసాకే దరఖాస్తు చేయాలి. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలకు అక్కడి రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్ట్ చాలు. రెండూ ఒరిజినల్స్ జేబులో ఉండాలి. సరిహద్దులు తెరిచే ఉన్నా, కొన్ని దేశాలు తాత్కాలికంగా తనిఖీలు పెడుతున్నాయి. పోలీసులు రైలెక్కి అడిగినప్పుడు ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు.

ప్లాన్ చివరి నుంచి వేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది బయల్దేరే రైలుతో మొదలుపెడతారు. మీరు చేరే రైలుతో మొదలుపెట్టండి. ఫ్రాన్స్‌లో మెట్జ్, స్ట్రాస్‌బర్గ్‌లలో రైలు మారతారు. స్ట్రాస్‌బర్గ్ నుంచి బాసెల్‌కు సుమారు గంటా ఇరవై నిమిషాలు. మెట్జ్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు గంటన్నర. లక్సెంబర్గ్ నుంచి మెట్జ్‌కు దాదాపు గంట. బ్రస్సెల్స్ నుంచి లక్సెంబర్గ్‌కు మూడు గంటల పైనే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బ్రస్సెల్స్‌కు రైలును బట్టి రెండు నుంచి మూడు గంటలు. అంటే రైల్లో కూర్చునేదే పది గంటల దాకా. రైళ్లు మారడానికీ, తినడానికీ మరో మూడు గంటలు వేసుకోండి. ఉదయం 7 గంటలకల్లా రైల్లో ఉంటే రాత్రి 8, 9 గంటల మధ్య బాసెల్ చేరతారు.

ఇప్పుడు ప్రతి అంచెలో మీరు ఎంచుకున్న రైలు పక్కనే దాని తర్వాతి రైలు టైమ్ కూడా రాసుకోండి. చివరి అంచెలో మీరు ఎంచుకున్నది ఆ రోజు ఆఖరి రైలైతే ఆ ప్లాన్ పక్కన పెట్టి, అన్ని అంచెల్లోనూ ఒక్కో రైలు ముందువి ఎంచుకోండి. ఒంటరి ప్రయాణంలో ఇంతకు మించిన ధీమా ఇంకోటి లేదు. జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో యూరప్‌లోని చాలా దేశాల టైమ్‌టేబుల్ దొరుకుతుంది. ఏటా డిసెంబర్ మధ్యలో టైమ్‌టేబుల్ మారుతుంది, ఆదివారాల్లో రైళ్లు తగ్గుతాయి. బెల్జియం, ఫ్రాన్స్‌లలో సమ్మెలు తరచుగా జరుగుతుంటాయి. ముందు రోజు సాయంత్రం ఆ దేశాల రైల్వే యాప్‌లు ఒకసారి చూసుకోండి.

టికెట్టా, పాసా?

ఈ ఒక్క రోజు కోసమే అయితే రైలు పాస్ వద్దు. అన్ని దేశాలకూ పనికొచ్చే గ్లోబల్ పాస్‌లో అతి చిన్నది నెలలో నాలుగు ప్రయాణ రోజులది. ట్రిప్‌లో ఇలాంటి పెద్ద రోజులు ఇంకా ఉంటేనే అది గిట్టుబాటు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు యూరైల్ పాస్, యూరప్‌లో నివాసం ఉంటున్నవాళ్లు ఇంటర్‌రైల్ పాస్ తీసుకోవాలి. ఇక్కడ చూసేది నివాసాన్నే, పాస్‌పోర్టును కాదు. పాస్ కొంటే రైల్ ప్లానర్ యాప్‌లో యాక్టివేట్ చేసి, ప్రతి రైలునూ ఎక్కకముందే అందులో చేర్చాలి. అప్పుడే టీసీకి చూపించే క్యూఆర్ కోడ్ వస్తుంది.

విడి టికెట్లయితే ఫలానా రైలుకే చెల్లేవి కాకుండా, ఆ రోజంతా ఏ రైలుకైనా చెల్లేవి కొనండి. కాస్త ఎక్కువైనా ఇక్కడ కక్కుర్తి పడొద్దు. లక్సెంబర్గ్ లోపల మాత్రం 2020 ఫిబ్రవరి 29 నుంచి సెకండ్ క్లాస్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు అందరికీ ఉచితం. జర్మనీలో ఉండే విద్యార్థులకు ఒక మాట: జర్మనీ లోపలి ప్రాంతీయ రైళ్లకు, బస్సులకు చెల్లే నెలవారీ ‘డాయిచ్‌లాండ్ టికెట్’ ఈ దారిలో పనికిరాదు.

ప్రయాణం రోజు

మీరే ఎత్తి పైన పెట్టగలిగేంత బరువున్న ఒక్క బ్యాగు చాలు. టాయిలెట్‌కు వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్, ఫోన్, డబ్బున్న చిన్న సంచి మీతోనే ఉండాలి. పవర్ బ్యాంక్, స్టేషన్ టాయిలెట్ల కోసం యూరో నాణేలు దగ్గర ఉంచుకోండి. రైల్లో ఇంటి తిండి తినొచ్చు కాబట్టి పులిహోర డబ్బా హాయిగా తీసుకెళ్లండి.

బ్రస్సెల్స్‌లో మిడీ, సెంట్రల్, నోర్ అని మూడు పెద్ద స్టేషన్లున్నాయి. వీలైతే మిడీలో మారండి. లక్సెంబర్గ్ రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి కిటికీ సీటు దొరుకుతుంది. నామూర్ అనే ఊరు దాటాక ఆర్డెన్ అడవులు మొదలవుతాయి. ఆ దారంతా ఫోన్ పక్కన పెట్టి బయటికి చూడాల్సిందే.

ఎక్కడైనా గంటన్నర ఆగాలంటే లక్సెంబర్గ్‌లో ఆగండి. స్టేషన్ ముందే ట్రామ్ ఎక్కితే అది అడోల్ఫ్ వంతెన మీదుగా పాతబస్తీ వైపు వెళ్తుంది. వంతెన కింద లోయంతా పచ్చటి పార్కు. టికెట్ గొడవే లేదు. ఎక్కి, దిగి, చూసి, తిరిగి స్టేషన్‌కు వచ్చేయొచ్చు.

స్ట్రాస్‌బర్గ్‌లో బోర్డు మీద బాసెల్ అని వెతికితే కనపడదు. ఫ్రెంచిలో ఆ ఊరు ‘బాల్’. కంగారు పడకుండా ఆ పేరున్న రైలెక్కండి. అది బాసెల్ ఎస్‌బీబీ (స్విస్ రైల్వే) స్టేషన్‌లోని ఫ్రెంచి విభాగంలో ఆగుతుంది. అక్కడి నుంచి కస్టమ్స్ దారిలో నాలుగడుగులు వేస్తే స్విట్జర్లాండ్ వైపు హాల్లో ఉంటారు. ఆ ఊళ్లో ‘బాడిషర్ బాన్‌హోఫ్’ అని జర్మన్ రైల్వే స్టేషన్ ఇంకోటి ఉంది. హోటల్ బుక్ చేసేటప్పుడు ఏ స్టేషన్ దగ్గరో చూసుకోండి.

స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉన్నా యూరోపియన్ యూనియన్‌లో లేదు. మొదటి నాలుగు దేశాల్లో బాగా పనిచేసిన యూరోపియన్ సిమ్ ఇక్కడ విడిగా చార్జీ వేయొచ్చు. మీ సిమ్ ప్లాన్‌లో స్విట్జర్లాండ్ లేకపోతే సరిహద్దుకు ముందే డేటా రోమింగ్ ఆపేయండి. కరెన్సీ కూడా స్విస్ ఫ్రాంకే, కానీ కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది.

రైలు ఆలస్యమైతే వెంటనే టీసీనో, స్టేషన్ సిబ్బందినో కలిసి టికెట్ చూపించండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గమ్యానికి గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగొచ్చు. ప్రకృతి వైపరీత్యాల్లాంటి సందర్భాలకు మినహాయింపు ఉంది. ముక్కలుగా కొన్న టికెట్లకు ఏ ముక్కకు ఆ ముక్కే లెక్క. అందుకే దొరికినచోట రెండు మూడు అంచెలకు కలిపి ఒకే టికెట్ తీసుకోవడం మేలు.

బాసెల్ చేరాక ఇంకా ఓపికుంటే స్టేషన్ బయట 8వ నంబర్ ట్రామ్ ఎక్కండి. 2014 డిసెంబర్ నుంచి అది సరిహద్దు దాటి జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ దాకా వెళ్తోంది. అలా ఆరో దేశం కూడా అయిపోతుంది. ఎక్కేముందు తిరుగు ట్రామ్ ఎన్నింటిదాకా ఉందో చూసుకోండి, పాస్‌పోర్ట్ మాత్రం హోటల్లో వదలొద్దు.