వెదురు వీపు విల్లు మొరాయిస్తే

కట్టె పొట్టకు వీపున వెదురు బద్ద అతికించి చేసిన విల్లు విరిగితే చాలామంది ముందు వెదురునే తిట్టుకుంటారు. నారి లాగినప్పుడు గురివైపున ఉన్న వీపు సాగుతుంది, విలుకాడి వైపున ఉన్న పొట్ట నలుగుతుంది. వెదురు సాగడంలో దిట్ట. దానితో పోటీపడి ముందుగా ఓడిపోయేది దాదాపు ఎప్పుడూ పొట్టన అతికించిన కట్టే. అందుకే ఏ లోపం కనిపించినా పొట్టను, అతుకును, తేమను ముందు అనుమానించండి. వెదురు మీద చిత్రిక పెట్టడం ఆఖరి మాట.

కింది లెక్కలన్నీ 68–70 అంగుళాల పొడవు, 28 అంగుళాల లాగుడు, 40–45 పౌండ్ల బలం ఉన్న విల్లుకు. పొట్టకు నల్లతుమ్మ చేవ (మాను నడిమి గట్టి కట్టె) తీసుకున్నామనుకుందాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద కనిపించే చెట్టే. వెదురు కోసం అమ్రాబాద్ అడవిలోకి కత్తి పట్టుకుని వెళ్లకండి, అది పులుల అభయారణ్యం. 2017లో చట్టం సవరించాక అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్క నుంచి తీసేశారు గానీ, అడవి వెదురుకు ఆ సడలింపు లేదు. మేదరి పనివారిని అడిగి గోడ మందంగా ఉన్న, బాగా ఎండిన నిండు బొంగు కొనుక్కోవడం మేలు. బుట్టల కోసం చీల్చి పెట్టిన బద్దలు సన్నగా, పచ్చిగా ఉంటాయి, ఈ పనికి రావు.

లక్షణం: లాగుతుంటే టిక్కుమన్న చప్పుడు

అక్కడే ఆపి నారి దించండి. మరోసారి లాగి చూద్దామన్న ఉత్సాహమే చాలా విళ్లను ముక్కలు చేసింది.

చప్పుడు రెండు చోట్ల నుంచి రావచ్చు. వీపు మీద దూది ఉండను మెల్లగా జరపండి. ఎక్కడైనా దూది పోగులు చిక్కుకుంటే అక్కడ వెదురు పోగు లేచిందని అర్థం. ఎక్కువగా ఇది కణుపు దగ్గరే జరుగుతుంది. కణుపు గుబ్బను నున్నగా చేయాలని ఆకురాయితో చదును చేసేస్తే, అక్కడ వంపు తిరిగి వెళ్లే పోగులన్నీ తెగుతాయి. గుబ్బను కొద్దిగా ఎత్తుగానే వదలాలి, పైనున్న మైనపు పొరను మాత్రం గాజుపెంకుతో గీకితే చాలు. లేచిన పోగు చిన్నదైతే పలుచని జిగురు దాని కిందికి పట్టించి, పైన నూలుదారం దగ్గర దగ్గరగా చుట్టి, దారానికి కూడా జిగురు పూయండి. కణుపు మీద అడ్డంగా చీలిక ఉంటే మాత్రం దారం కాపాడదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

దూది ఎక్కడా చిక్కుకోకపోతే చప్పుడు అతుకులోంచి వచ్చినట్టే.

లక్షణం: వెదురుకూ కట్టెకూ మధ్య సందు

మన ప్రాంతంలో ఈ జబ్బుకు పెద్ద కారణం వేసవి. ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపి వాడే జిగురు) డబ్బా మీద రాసే, బిగుసుకునేలోపు పని చేసుకోగల సమయం సాధారణంగా 25 డిగ్రీల గది లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సుమారు సగమవుతుంది. గంట పని చేయాల్సిన జిగురు 45 డిగ్రీల మే మధ్యాహ్నం పావుగంటకే బిగుసుకుంటుంది. మీరు బిగింపులు వేసేలోపే అది కట్టెను పట్టే గుణం పోగొట్టుకుంటుంది. తెల్లవారుజామున అతికించండి. కలిపిన జిగురును లోతైన గిన్నెలో ఉంచితే దాని వేడికి అదే ఉడుకుతుంది, వెడల్పు పళ్లెంలో పరిచి పెట్టుకోండి.

ఇంకో కారణం అతి బిగింపు. గట్టిగా నొక్కితే గట్టిగా అతుకుతుందన్నది వడ్రంగుల తెల్లజిగురు అలవాటు. ఎపాక్సీని అలా నొక్కితే అంతా పక్కలకు కారిపోయి అతుకు ఎండిపోతుంది. పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఒకే ఒత్తిడితో పొడవునా చుట్టితే చాలు. తెల్లజిగురునే వాడాలనుకోకండి. విల్లులో అది బరువుకు మెల్లమెల్లగా జారుతుంది, వానల్లో మెత్తబడుతుంది.

అతికించే ముందు రెండు ముఖాలనూ ఎదురెదురుగా పెట్టి వెలుతురుకు చూడండి, ఎక్కడా సందు కనపడకూడదు. హాక్సా బ్లేడును నిలువుగా పట్టి రెండింటినీ పొడవునా గీకితే సన్నని చాళ్లు పడి జిగురుకు పట్టు దొరుకుతుంది. తర్వాత అసిటోన్‌తో తుడవండి. తుమ్మకు బదులు టేకు వంటి నూనె కర్ర వాడితే ఈ తుడుపు మరీ ముఖ్యం.

సందు కొన దగ్గర వేలి పొడవులోపు ఉంటే బ్లేడుతో కొత్త జిగురు లోపలికి నెట్టి, బిగించి, పైన దారం చుట్టండి. రెక్క (పిడికి ఒక పక్కనున్న విల్లు సగం) మధ్యలో ఉంటే అతుకు మొత్తాన్నీ వేడితో విడదీసి మళ్లీ అతికించడమే దారి. పైపూతలు వద్దు.

లక్షణం: పొట్ట మీద అడ్డంగా సన్నని ముడతలు

మొదట ఇవి కంటికి ఆనవు. విల్లును కిటికీ దగ్గర పట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడేలా మెల్లగా తిప్పితే, పోగులకు అడ్డంగా వెంట్రుకంత గీత మెరుస్తుంది. గోటిని పొడవునా జరిపితే సరిగ్గా అక్కడ తట్టుకుంటుంది. కట్టె నలగడం మొదలైందన్నమాట.

ముడతలు ఒక్కచోటే గుంపుగా ఉంటే అక్కడ రెక్క ఎక్కువగా వంగుతోంది. రెక్క పొడవునా చెదురుమదురుగా ఉంటే వెదురు మరీ మందంగా ఉంది. బద్ద మందం పిడి దగ్గర నడుమ 3 మి.మీ., కొనల దగ్గర 2 మి.మీ. దాటనక్కర్లేదు. ఇప్పటికే అతికించేశారు కాబట్టి వెదురును పలుచన చేయకండి, పక్కలను ఏటవాలుగా చెక్కండి. వీపు వెడల్పు పొట్ట వెడల్పులో ముప్పావు వంతుకు వస్తే వెదురు పట్టు తగ్గి కట్టెకు ఊపిరాడుతుంది. బలం కూడా ఐదారు పౌండ్లు తగ్గించుకోండి. ముడతలో జిగురు నింపితే గీత కనపడకుండా పోతుంది గానీ నలిగిన కట్టె బాగుపడదు.

పొట్టను నిప్పు సెగకు కాస్త రంగు మారేవరకు కాచితే నలుగుడును తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఆ పని అతికించక ముందే చేయాలి. అతికించాక కాచితే జిగురు మెత్తబడుతుంది.

లక్షణం: ఒకచోట మడత పడ్డట్టు వంగడం, మిగతా చోట బిగుసుకోవడం

అసలు పనితనమంతా ఇక్కడే తేలుతుంది. రెక్క బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 15 మి.మీ. మందంలో ఒక్క మి.మీ. తీస్తే బిగువు 19 శాతం పోతుంది. వెడల్పులో అదే నిష్పత్తిలో తీస్తే పోయేది ఏడు శాతంలోపే. కాబట్టి మందం తగ్గించేటప్పుడు చిత్రిక పక్కన పెట్టి గాజుపెంకు పట్టుకోండి.

పొరపాటు ఎక్కడుందో కంటితో తేల్చుకోవడం కష్టం. జానెడు పొడవున్న తిన్నని చెక్క మధ్యలో చిల్లు పెట్టి, మొన కాస్త బయటికి వచ్చేలా పెన్సిల్ ముక్క దూర్చండి. విల్లును సగం లాగి గోడ మేకుకు నిలిపి, ఆ చెక్కను పొట్ట మీద జరపండి. వంపు ఎక్కువున్న చోట పెన్సిల్ తగలదు, బిగుసుకున్న చోట గీత పడుతుంది. గీత పడిన చోటే గీకాలి. మడతపడ్డ చోటును ముట్టుకోకూడదు, దానికి అటూ ఇటూ ఉన్న బిగువును దించి దాని స్థాయికి తేవాలి. గీకిన ప్రతిసారీ సగం వరకు ఇరవై ముప్పై సార్లు లాగి వదలండి, అప్పుడుగానీ మార్పు బయటపడదు. లాగిన నారిని చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకెళ్లాలే తప్ప, బాణం లేకుండా విడిచిపెట్టకూడదు.

లక్షణం: నారి పిడి మధ్యన కాకుండా పక్కన పడటం

కొనలను ముందే సన్నం చేయకుండా 20 మి.మీ. వెడల్పు ఉంచుకుంటే ఇది చిన్న విషయం. నారి ఎక్కించి, అది పిడి నడుమ మీదుగా పోయేలా కొత్త మధ్యగీత గీసి, కొనలను దాని ప్రకారం కోయండి.

లక్షణం: నారి దించినా వంపు అలాగే మిగిలిపోవడం

ఒక అంగుళం వరకు మామూలే. రెండు అంగుళాలు దాటితే కట్టె పచ్చిది. చేవను చీల్చాక నీడలో పెట్టి, వారానికోసారి వంటింటి కాంటా మీద తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఎండినట్టు. వానాకాలంలో ఆ బరువు కూడా నమ్మకండి, గాలిలో తేమ ఎక్కువ. తేమ 8–10 శాతం మధ్య ఉండాలి. మిగిలిపోయిన వంపును సరిచేయలేం. కొత్తది చేసేటప్పుడు అతుకు బిగించే సమయంలోనే కొనలను గురివైపు అంగుళంన్నర వంచి ఉంచితే కొంత జాగా మిగులుతుంది.

లక్షణం: వేసవిలో గట్టిగా, వానల్లో మెత్తగా

ఇది లోపం కాదు, తేమ ఆట. వార్నిష్ మూడు పూతలు వేయండి. రేకుల షెడ్డులో మాత్రం వేలాడదీయకండి. అక్కడి మధ్యాహ్నపు వేడి మామూలు ఎపాక్సీ మెత్తబడే 50–60 డిగ్రీలకు దగ్గరగా పోతుంది.

లక్షణం: పసుపు పొడి రాలడం, సూదిమొనంత రంధ్రాలు

పురుగు పట్టింది. వెదురులోని పిండిపదార్థం దాని తిండి. కోసిన బొంగును కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి ఎండబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది. విల్లయ్యాక వీపున రంధ్రాలు కనిపిస్తే మాత్రం లాగకండి, బద్ద లోపల ఎంత దూరం తిన్నదో పైకి తెలియదు.

లక్షణం: కణుపు మీద అడ్డంగా చీలిక

దీనికి మందు లేదు. పోగులు తెగిన వెదురు ఎంత చుట్టినా నిండు లాగుడులో పగిలి ముఖం మీదికే వస్తుంది. పిడి దగ్గర రంపం పెట్టి రెండు ముక్కలు చేసేయండి. ఇంట్లో పిల్లలుంటే ఆ పని సాయంత్రం దాకా వాయిదా వేయకండి.