హాస్పీస్‌లో స్వచ్ఛంద సేవ: ఎలా చేయాలి, ఏమి దక్కుతుంది

నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవారికి నొప్పి, బాధ తగ్గించి చూసుకునే చోటు హాస్పీస్. అక్కడ సేవ చేయదలచినవారు ముందుగా వారంలో ఒక పూటను దానికోసం ఖాయంగా కేటాయించగలరో లేదో తేల్చుకోవాలి. మంగళవారం వస్తానన్న మనిషి మంగళవారం రావడమే మంచం పట్టినవారికి పెద్ద ఊరట. రాకపోతే, మరో మంగళవారం ఉంటుందన్న హామీ అక్కడ ఎవరికీ లేదు.

హైదరాబాద్‌లోని స్పర్శ్, బెంగళూరులోని కరుణాశ్రయ వంటి హాస్పీస్‌లు రోగుల నుంచి డబ్బు తీసుకోకుండా నడుస్తున్నాయి. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పిని, బాధను తగ్గించే సేవ) కృషి నుంచి పెరిగిన ఇరుగుపొరుగు బృందాలు తమ వాలంటీర్లకు 16 గంటల తరగతులు చెప్పి, ఆ తర్వాత నర్సుల వెంట రోగుల ఇళ్లకు తీసుకువెళ్లేవి. శిక్షణ లేకుండానే నేరుగా వార్డులోకి పంపే సంస్థ కన్నా, తప్పనిసరిగా శిక్షణ పొందమనే సంస్థను ఎంచుకోవడం మేలు.

వార్డులో రోగి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. నిలబడి పలకరిస్తే వెళ్లిపోయే తొందరలో ఉన్నారని రోగికి అనిపిస్తుంది. పేపరు చదివి వినిపించడం, తల దువ్వడం, దూరాన ఉన్న బిడ్డకు ఫోన్ కలిపి ఇవ్వడం, రాత్రంతా మేలుకున్న భార్యను కాసేపు నిద్రపొమ్మని ఆ చోట తాము కూర్చోవడం వంటివే వాలంటీరు పనులు. మందుల జోలికి వెళ్లకూడదు. మింగడం కష్టమైనవారికి గుక్కెడు నీళ్లయినా నర్సును అడిగాకే పట్టాలి.

అన్నిటికన్నా కష్టమైనది మాట. మన ఇళ్లలో జబ్బు సంగతి రోగికి చెప్పవద్దని బంధువులు బతిమాలడం మామూలే; అదే రోగి వాళ్లు బయటికి వెళ్లగానే “నాకు నయమవుతుందా బాబూ?” అని అడగడమూ మామూలే. అప్పుడు తప్పకుండా నయమవుతుందని అబద్ధమాడకూడదు, నిజం బయటపెట్టే అధికారమూ వాలంటీరుకు లేదు. “మీకేమనిపిస్తోంది పెద్దనాన్నా?” అని అడిగి, ఆయన చెప్పినంతా విని, ఆ సంగతిని డాక్టరుకో నర్సుకో తెలియజేయాలి. చాలాసార్లు ఆయనకు అప్పటికే అంతా తెలిసి ఉంటుంది. కావలసింది వినే మనిషి.

పుణ్యం లెక్క వేసుకుని వచ్చేవారు ఇక్కడ ఎక్కువ కాలం నిలవరు. నిలిచినవారికి దక్కేవి వేరు. రోగి ఇవ్వాలనుకునేవాటిలో డబ్బును, వస్తువులను కాదనాలి గాని, గోంగూర పచ్చడి పట్టే తీరును, పొలం తగాదా కథను, ఆశీర్వచనాన్ని మాత్రం కాదనకుండా పుచ్చుకోవాలి. ఇన్నాళ్లూ అందరిచేతా చేయించుకుంటున్న మనిషికి తానూ ఒకరికి ఏదో ఇవ్వగలిగానన్న తృప్తి అందులో ఉంది. నొప్పితో ముడుచుకుపోయిన మనిషి డాక్టరు సరిగా ఇచ్చిన మార్ఫిన్‌తో తేరుకుని మనవడి పెళ్లి గురించి మాట్లాడటం చూసినవారికి చావు మీదున్న భయం కొంత సడలుతుంది. రేపు తమ తల్లిదండ్రుల వంతు వచ్చినప్పుడు డాక్టరును ఏమి అడగాలో, ఏ చికిత్స వద్దనవచ్చో కూడా వారికి తెలుస్తుంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పనికివచ్చే ఫలం.

దగ్గరైన రోగి చనిపోయినప్పుడు ఆ బాధను సంస్థలో వాలంటీర్లను చూసుకునే సమన్వయకర్తతో చెప్పుకోవాలి. సంస్థ అనుమతిస్తే కుటుంబాన్ని పెద్దకర్మ రోజున పలకరించి రావచ్చు. సొంత ఇంట్లో ఈ మధ్యే మరణం సంభవించినవారు మాత్రం ఒక ఏడాది ఆగి చేరడం మంచిది. అంతవరకు సామాను సర్దడం, చందాల లెక్కలు చూడడం వంటి పనులతో సంస్థకు సాయపడవచ్చు.