అక్వేరియం కింద బల్ల పాడవకుండా

అద్దం పగిలి ఇల్లంతా నీళ్ళవుతుందని అందరూ భయపడతారు గానీ, అది అరుదుగా జరిగేది. బల్లల్నీ టీవీ యూనిట్లనీ తినేసేది రోజూ పడే నాలుగు చుక్కలు. మేత వేసిన తడిచెయ్యి, నీళ్ళు మార్చేటప్పుడు పైపు కొస, గాలి బుడగల తుంపర, వైరు వెంట జారే నీరు. మెట్ట ఊళ్ళలో అయితే ఆ చుక్క ఫ్యాను గాలికి ఆరిపోతుంది. కోనసీమలోనో, భీమవరం, నరసాపురం వైపో వానాకాలమంతా గోడలే నెమ్మెక్కి ఉంటాయి. ట్యాంక్ కింద దూరిన తడి వారమైనా ఆరదు. అందుకే ఏం చేసినా రెండు చూసుకోవాలి: నీరు చెక్కని తాకకూడదు, తాకితే వెంటనే కంటపడాలి.

ముందు బరువు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్ అంచుదాకా నింపితే సుమారు 54 లీటర్లు. 5 ఎంఎం అద్దం 9 కిలోలు, రెండంగుళాల మందాన పరిచే గులకరాళ్ళు 13, 14 కిలోలు. మొత్తం 75 కిలోలు వేసుకోండి. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు పేర్చి ఏళ్ళ తరబడి తియ్యకుండా వదిలేసినట్టు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అయితే 200 కిలోలు దాటిపోతుంది. అది ఇంట్లో ఉన్న ఏ టీవీ యూనిట్ మీదా పెట్టేది కాదు, దానికి స్టాండు విడిగా చేయించాల్సిందే.

చిన్న ట్యాంకుకైనా ఉన్న బల్ల పనికొస్తుందో లేదో తేల్చుకోండి. పై పలక ముందు అంచు పొడవునా ఒక దారం బిగించి లాగండి. మధ్యలో దారానికీ చెక్కకీ సందు కనిపిస్తే పలక ఇప్పటికే వంగిందన్నమాట. నీళ్ళ బరువుకి ఇంకా వంగుతుంది, అద్దం అతుకుల మీద లాగుడు పడుతుంది. బల్లని పక్కకి తోసి చూడండి, ఊగితే వద్దు. టేకు బల్ల బలానికి ఢోకా లేదు, పాడయ్యేది దాని పాలిష్. పాతకాలపు లక్క పాలిష్ మీద తడి ఒక్క రాత్రి నిలిచినా తెల్లగా మచ్చకడుతుంది. మెలమిన్, పీయూ పాలిష్‌లు అంతకంటే తట్టుకుంటాయి. చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌ల సంగతి వేరు. పైన లామినేట్ నున్నగా మెరుస్తున్నా కోసిన అంచుల్లోంచి నీరు పీల్చుకుని ఉబ్బిపోతాయి. స్టాండు చేయిస్తుంటే మరిగే నీటికి కూడా తట్టుకునే బీడబ్ల్యూపీ 710 గ్రేడు ప్లైవుడ్ 18 ఎంఎం అడగండి, కాస్త తేమకి మాత్రమే ఆగే ఎంఆర్ గ్రేడు కాదు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో వడ్రంగి కొయ్యకముందే చూసుకోవాలి. కోసిన ప్రతి అంచుకీ, వైర్ల కోసం పెట్టిన కన్నాల లోపలికీ ఎనామిల్ రంగు రెండు పూతలు వేయించండి. ఆ కన్నాల్ని మాత్రం అందరూ మర్చిపోతారు, నీరు ముందు దూరేది అక్కడే.

మంచి బల్లే వాడదలిస్తే ట్యాంకుని నేరుగా దానిమీద పెట్టకండి. మధ్యలో 18 ఎంఎం ప్లై పలక ఒకటి పెట్టండి, ట్యాంక్ కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దది, అన్ని పక్కలా ఎనామిల్ వేసింది. దాని కింద ముందు నుంచి వెనక్కి మూడు చెక్క బద్దలు కొట్టించండి: రెండు ట్యాంక్ కొసల కింద, ఒకటి మధ్యలో. బద్దల అడుగున కుర్చీ కాళ్ళకి అంటించే ఫెల్ట్ అంటిస్తే పాలిష్ గీసుకుపోదు. పలకకీ బల్లకీ మధ్య గాలి ఆడుతుంది, చుక్క కారితే తొంగి చూస్తే కనిపిస్తుంది. పలక మీద ట్యాంక్ అడుగు కొలతకి సరిగ్గా కోసిన 12 ఎంఎం థర్మోకోల్ పెట్టి, దానిమీద ట్యాంక్. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న ట్యాంకుకి థర్మోకోల్ అక్కర్లేదు.

బల్ల మీద లేసు గుడ్డో, ప్లాస్టిక్ షీటో పరిచి దానిమీద ట్యాంక్ పెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. రెండూ చెడ్డవే. నూలు అల్లిక అంచున పడ్డ చుక్కని దారం వెంట మెల్లగా లోపలికి పీల్చి, ట్యాంక్ నడిమధ్యకి చేరుస్తుంది. పైకి గుడ్డ పొడిగానే ఉంటుంది, తీసి చూస్తే కింద అల్లిక డిజైను మొత్తం బల్ల మీద తెల్లగా అచ్చుపడి ఉంటుంది. ప్లాస్టిక్ షీటు తడిని కింద బంధించడమే కాక, బరువుకి పాలిష్‌కి అతుక్కుని దాన్ని మెత్తబరుస్తుంది.

ట్యాంక్ కొనగానే ఇంట్లోకి తేకండి. వీధరుగు మీద థర్మోకోల్ వేసి, చుట్టూ అతుకుల కింద పాత పేపర్లు పరిచి, నిండా నీళ్ళు పోసి 24 గంటలు వదలండి. సన్నటి కారుడు అద్దం మీద కనపడదు, పేపరు మీద తడిమచ్చ కనపడుతుంది. నీళ్ళన్నీ తోడేశాకే కదపాలి. సగం నీళ్ళతో ఎత్తితే ఆ రోజు బాగానే ఉన్నట్టుంటుంది, అతుకు తర్వాతెప్పుడో వదులుతుంది.

ట్యాంక్ పెట్టే చోట గోడకి నాలుగైదు అంగుళాలు ఎడం ఉంచండి. ఆనించి పెడితే వెనక గోడకి బూజు, చెక్కకి నెమ్ము, నెమ్ము వెనకే చెదలు. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం తెచ్చి పొడవునా వెడల్పునా చూడండి. తేడా ఉంటే స్టాండు కాళ్ళ కింద సర్దాలి, ట్యాంక్ కింద అట్టముక్కలు దూర్చకూడదు. కాళ్ళ కింద గ్రానైట్ ముక్కలు పెడితే గచ్చు తుడిచిన తడి చెక్కకి ఎక్కదు. ఇనప స్టాండుకైతే రెడాక్సైడ్ మీద ఎనామిల్, కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి. లేకపోతే తుప్పు మరక టైల్స్‌లోకి దిగుతుంది.

గాలి మోటారు విషయంలో కరెంటుని నమ్మకండి. మోటారు నీటిమట్టం కంటే కింద ఉండి కరెంటు పోతే, ట్యూబులోకి నీరు వెనక్కెక్కి సైఫన్‌లా లాగడం మొదలెడుతుంది. ట్యూబు కొసన బుడగలొదిలే రాయి ట్యాంక్ అడుగునే ఉంటుంది కాబట్టి దాదాపు ట్యాంకంతా ఖాళీ అయ్యేదాకా ఆగకపోవచ్చు. తుపాను రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? మోటారుని ట్యాంక్ కంటే ఎత్తున మేకుకి వేలాడదీయండి, ట్యూబులో నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ కూడా పెట్టండి. వాల్వ్‌ని నోటితో ఊదితే ఏ వైపు నుంచి గాలి పోతుందో ఆ వైపు మోటారుకి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఉయ్యాలలా వేలాడి మళ్ళీ పైకెక్కాలి. జారిన నీరు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, బోర్డులోకి పోదు.

పైన అద్దం మూత తప్పనిసరి. తుంపర ఆగుతుంది, చేప ఎగిరి పడదు. తీరం వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, తుంపర ఆరిన చోటల్లా తెల్లటి పొర కడుతుంది. తడిగుడ్డతో వెంటనే తుడిస్తే పోతుంది, ముదిరితే వెనిగర్ కావాలి, పాలరాయి మీద వెనిగర్ పడితే రాయి మెరుపు పోతుంది. పక్కన వేలాడే ఫిల్టరైతే నీటిమట్టం దాని మూతికి అంగుళం లోపే ఉంచండి, ఇంకా దిగితే చిందుతుంది.

నీళ్ళు మార్చే రోజు బకెట్‌ని వెడల్పాటి బేసిన్‌లో పెట్టి, పైపు కొసని బకెట్ అంచుకి క్లిప్పుతో బిగించండి. చేత్తో పట్టుకుని ఫోను చూసేవాళ్ళకే గచ్చు తడుస్తుంది. ట్యాంక్ చుట్టూ పాత లుంగీ చుట్టి పని మొదలెట్టి, అయ్యాక లుంగీ తీసేసి, పలక కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడండి.

పాలిష్ మీద తెల్లమచ్చ అంటే తడి పాలిష్‌లోనే ఉంది, ఫ్యాను కింద రెండు రోజులు ఆరనిచ్చి పాలిష్ పనివాడికి చూపిస్తే పోతుంది. నల్లమచ్చ అయితే చెక్క దాకా దిగినట్టు, గీకి మళ్ళీ పాలిష్ వేయించాలి. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినా పూర్వపు మందానికి రాదు, ఆ పలక మార్పించండి.