కేబుల్ గ్రోమెట్ కోసం రంధ్రం కోసే ముందు

బల్ల మీది తీగలను కిందికి దింపే రంధ్రంలో బిగించే, పైమూత ఉన్న గొట్టమే కేబుల్ గ్రోమెట్. తప్పుచోట కోసిన రంధ్రాన్ని గ్రానైట్‌లో గానీ, సన్‌మైకా అతికించిన ప్లైవుడ్‌లో గానీ కనబడకుండా పూడ్చడం దాదాపు అసాధ్యం కనుక, పైన గుర్తు పెట్టిన తరువాత కిందికి వంగి, అక్కడ సొరుగు ఛానల్, ఇనుప ఫ్రేము, కరెంటు తీగ ఏదీ అడ్డు లేదని కొలిచి నిర్ధారించుకోవాలి.

గ్రోమెట్ చేతికి వచ్చాకే హోల్ సా (డ్రిల్లుకు తగిలించి గుండ్రటి రంధ్రం కోసే రంపం) కొనాలి. ప్యాకెట్ మీది 60 మి.మీ. కొన్నింటిలో రంధ్రం కొలత, కొన్నింటిలో పైమూత వెడల్పు. కాబట్టి లోపలికి దిగే గొట్టాన్ని మనమే కొలవడం మేలు.

మీ దగ్గరున్న అతి పెద్ద ప్లగ్గు ఆ గొట్టంలోంచి దూరుతుందో లేదో ముందే చూడాలి. తీగ సన్నమే, ఇబ్బంది పెట్టేది ప్లగ్గే.

సన్‌మైకా పెచ్చులు లేవకుండా మాస్కింగ్ టేపు అంటించి పైనుంచి కోయడం మొదలుపెట్టాలి. హోల్ సా మధ్యలోని బిట్టు అవతలికి తేలగానే ఆపి, మిగతాది కిందినుంచి పూర్తిచేస్తే రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటాయి.

పార్టికల్ బోర్డయితే కోసిన అంచుకు వార్నిష్ పూయాలి, లేకుంటే తడి తగిలి ఉబ్బుతుంది.

గ్రానైట్‌కు డైమండ్ కోర్ బిట్టే (అంచున వజ్రపు రేణువులున్న గొట్టం లాంటి బిట్టు) వాడాలి, డ్రిల్లులో హ్యామర్ మోడ్ (దెబ్బలు కొడుతూ తొలిచే పద్ధతి) ఆపివేయాలి. సింకు కోతకూ బండ అంచుకూ మధ్య మిగిలే సన్నని పట్టీ బండ మొత్తంలో బలహీనమైన చోటు కనుక, పనివారు ఎంత ధైర్యం చెప్పినా అక్కడ రంధ్రం వద్దు.

బిట్టు వేడెక్కకుండా నీళ్లు పోస్తూ కోయాలి కాబట్టి, డ్రిల్లును ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పరికరం) రక్షణ ఉన్న సాకెట్‌కే కలపాలి.